పెనుకొండ: విడిదియైన కోట

చైత్రవైశాఖముల యెండలో కణేకల్లు చెరువుగట్టుపై నడచినవారికి నీటి విలువయు, నీడ విలువయు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ కరవు సీమలో ఆ రెండును దొరకిన చోటు రాజులకును ప్రీతిపాత్రమే. కణేకల్లునకు ఆగ్నేయముగ, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న పెనుకొండ అట్టి చోటు. విజయనగర ప్రభువులు దానిని వేసవి విడిదిగ చేసికొనిరి.

కాని అది మొదట విడిది కాదు, కోట. 'పెను' అనగా పెద్ద. పేరే కొండను తెలుపుచున్నది. ఉత్తరపు వాకిటనున్న 1354 నాటి శాసనము, బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడైన వీర విరూపణ్ణకు ఒప్పగించిన సంగతిని చెప్పుచున్నది. తరువాతి కాలమున ఇదియే చెరసాలయు నైనది. తుళువ నరసనాయకుడు రాజ్యము నేలుచు, సింహాసనమున కధిపతియైన ఇమ్మడి నరసింహుని ఇచ్చటనే కాపుదలలో నుంచెను.

కొండ దిగువనున్న గగనమహలు విడిది నాళ్ల గురుతు. క్రింద మహమ్మదీయ శైలి కమానులు, పైన దేవాలయ శిఖరమును బోలిన గోపురము. రెండు శిల్పరీతులు ఒక్క మేడలో కలిసియున్నవి.

ఇంగ్లండులోను పెక్కు పాతకోటలు ప్రభువుల పల్లెభవనములుగ మారినవి. 1642లో అంతర్యుద్ధము రాగా వానిలో కొన్ని మరల సైన్యములకు నెలవులైనవి. పెనుకొండకు ఆ పరీక్ష అంతకుముందే వచ్చినది. 1565లో రాక్షసితంగడి యుద్ధమున రామరాయలు కూలగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో రాజధానిని వీడి కడకు పెనుకొండ చేరెను. విజయనగరము పాడుపడెను, వేసవి విడిది రాజధాని యయ్యెను. శ్రీరంగరాయల కాలమున బిజాపురపు సేనలు ముట్టడించినను కోట లొంగలేదు. 1592 ప్రాంతమున వేంకటపతిరాయలు చంద్రగిరికి తరలువరకు రాజ్యమునకు ఇదియే ఆశ్రయము.

మేడ యెంత అందమైనదైనను, ఆపదనాడు రాజ్యమును కాచినది మేడ కాదు. దాని వెనుకనున్న కొండయు, గోడయు, చెరువును. విద్యార్థులను పెనుకొండకు గొనిపోవు ఉపాధ్యాయులు గగనమహలు చూపి మరలిపోక, ముందుగ ఉత్తరపు వాకిట నిలిపి ఆ శాసనమును చూపవలెను. అటుపిమ్మట మేడను చూచిన పిల్లవానికి, అది యెవరి అండన నిలిచినదో తనంతట తానే తెలియును.