వ్యవసాయ మోటార్లు: కాలిపోకుండా కాపాడుకోవడం, ప్రమాదం లేకుండా వాడుకోవడం

వరి పొట్ట దశలోనో, మిరప పూత మీదో ఉన్నప్పుడు మోటారు కాలిపోతే నష్టం రివైండింగ్ ఖర్చుతో ఆగదు. సీజనులో వైండింగ్ షాపుల దగ్గర మోటార్లు వరుసలో ఉంటాయి. బోరులోంచి పైపులు పీకడానికి, మళ్లీ దించడానికి మనుషులు దొరకాలి. ఈలోపు చేను బెట్టకు వస్తుంది. ఇంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ప్రతి సీజనులోనూ స్టార్టర్ డబ్బా దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో షాక్ తగిలి రైతులు ప్రాణాలు కోల్పోతున్నారు. మోటారును కాపాడే ఏర్పాట్లే చాలావరకు మనిషినీ కాపాడతాయి. అవి ఏమిటో, ఏ చోట ఏది అవసరమో తెలుసుకుందాం.

మోటారు ఎందుకు కాలిపోతుంది?

వైండింగ్‌లో ముందుగా పాడయ్యేది రాగి తీగ కాదు, దానిపై ఉండే ఇన్సులేషన్ పొర. ఈ పొర తట్టుకోగల వేడిని దాటి ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గిపోతుంది. కాబట్టి మోటారు ఒక్క రోజులో కాలినట్టు కనిపించినా, అంతకుముందు ఎన్నో రోజులుగా వేడెక్కుతూనే ఉండి ఉంటుంది. అందుకు ముఖ్య కారణాలు ఇవి:

• ఒక ఫేజ్ పోవడం: మూడు ఫేజుల్లో ఒకటి పోయినా తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.7 రెట్లకు పెరుగుతుంది. కొద్దిసేపట్లోనే వైండింగ్ మాడిపోతుంది.
• తక్కువ వోల్టేజి: సరఫరా 415 వోల్టులు ఉండాలి. 350 వోల్టుల కంటే తగ్గితే మోటారు నడపకూడదు. వోల్టేజి తగ్గినకొద్దీ మోటారు ఎక్కువ ఆంప్స్ లాగుతుంది.
• నీళ్లు లేకుండా తిరగడం: సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీరే. బోరులో నీటిమట్టం పంపు కిందికి పడిపోయాక కూడా మోటారు తిరిగితే బేరింగులు, ఇంపెల్లర్లు, వైండింగ్ అన్నీ దెబ్బతింటాయి.
• అధిక భారం: బేరింగులు అరగడం, పంపులోకి ఇసుక చేరడం, షాఫ్ట్ బిగుసుకోవడం.

స్టార్టర్‌లో ఉండాల్సిన రక్షణ

మోటారు నేమ్ ప్లేట్ మీద పూర్తి లోడు కరెంటు ఆంప్స్‌లో రాసి ఉంటుంది. 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారుకు ఇది సుమారు 7.5 ఆంప్స్. సబ్‌మెర్సిబుల్ మోటారుకు కొంచెం ఎక్కువ. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేట్ అంకెకే సెట్ చేయాలి. స్టార్–డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ లైన్లో ఉంటే ఆ అంకెలో 58 శాతానికి సెట్ చేయాలి. ఉదాహరణకు నేమ్ ప్లేట్ మీద 15 ఆంప్స్ ఉంటే రిలే 8.7 దగ్గర ఉండాలి. ఇది తెలియక 15 దగ్గరే పెడితే రిలే ఉన్నా లేనట్టే.

రిలేతో పాటు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, డ్రై రన్ రక్షణ తప్పనిసరిగా ఉండాలి. ఇప్పుడు ఈ రెండూ ఒకే ప్యానెల్‌లో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్, 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్ కెపాసిటర్ అమర్చుకుంటే లైనులో కరెంటు తగ్గి, వోల్టేజి కొంత మెరుగవుతుంది. కానీ కెపాసిటర్‌లో స్విచ్ ఆపిన తర్వాత కూడా కొంతసేపు విద్యుత్ నిల్వ ఉంటుంది. కనీసం 5 నిమిషాలు ఆగకుండా దాని టెర్మినళ్ల దగ్గర చెయ్యి పెట్టకండి.

గ్రామాల్లో తరచూ కనిపించే విషయం ఒకటి చెప్పాలి. రిలే పదే పదే ట్రిప్ అవుతుంటే దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేస్తారు. ఫ్యూజు పోతుంటే దాని స్థానంలో లావుపాటి అల్యూమినియం తీగ కడతారు. ట్రిప్ కావడం జ్వరం లాంటిది. జబ్బు వేరే చోట ఉంది. థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గదు కదా! ట్రిప్ అయినప్పుడు ముందు మూడు ఫేజుల వోల్టేజి, తర్వాత మూడు వైర్లలో ఆంప్స్ చూడాలి.

తప్పు మోటారుదా, లైనుదా?

టాంగ్ టెస్టర్‌తో మూడు వైర్లలో 7.4, 7.6, 7.5 ఆంప్స్ వస్తే అంతా బాగున్నట్టే. 6.2, 7.5, 9.4 వస్తే తేడా ఉన్నట్టు. తేడా సగటు కంటే 5 శాతం మించకూడదు. అప్పుడు మెయిన్ ఆపి, మోటారు వైపు మూడు వైర్లనూ ఒకే వరుసలో ఒక్కో స్థానం జరిపి, మళ్లీ చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఇలా మూడూ కలిపి జరిపితే మోటారు తిరిగే దిశ మారదు. ఎక్కువ ఆంప్స్ అదే సరఫరా ఫేజులో ఉండిపోతే లోపం లైనుదో, ట్రాన్స్‌ఫార్మర్‌దో. మోటారు వైరుతో పాటు జరిగితే లోపం మోటారుదో, కేబుల్‌దో. ఈ ఒక్క పరీక్షతో బోరులోంచి మోటారును అనవసరంగా పీకే ఖర్చు తప్పుతుంది.

లైను మరమ్మతు తర్వాత మోటారు తిరుగుతున్నా నీళ్లు తగ్గాయంటే ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుండవచ్చు. మెయిన్ ఆపించి ఏవైనా రెండు వైర్లు మార్పిస్తే సరిపోతుంది.

ఆటో స్టార్టర్ వద్దు

కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఒక్కసారిగా పడుతుంది. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు ఆ కొన్ని క్షణాల్లో మామూలు కంటే 5 నుంచి 6 రెట్లు కరెంటు లాగుతుంది. దాంతో వోల్టేజి పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అందరి పొలాలూ ఆగిపోతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయాలని అధికారులు రైతులను కోరింది ఇందుకే. మరో ప్రమాదం కూడా ఉంది. కరెంటు లేదని మోటారు దగ్గర పని చేస్తున్న మనిషి చేతిలోనే అది మొదలవుతుంది. ఫోనుతో నడిపే స్టార్టర్లకూ ఇది వర్తిస్తుంది. పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు తీసి జేబులో వేసుకోండి. ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పండి.

నీరు, తేమ ఉండే చోట

• స్టార్టర్ డబ్బా నేలకు 4–5 అడుగుల ఎత్తులో, వాన తగలని చోట ఉండాలి. కింద పొడి చెక్క పలక గానీ, రబ్బరు మ్యాట్ గానీ వేసుకోండి. తడి చేతులతో, చెప్పులు లేకుండా ముట్టుకోవద్దు.
• మోటారు బాడీకి, స్టార్టర్ ఇనుప డబ్బాకు విడిగా ఎర్తింగ్ ఉండాలి. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో జీఐ పైపు దింపి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఎర్త్ వైరును న్యూట్రల్‌గా వాడి బల్బు వెలిగించుకోవడం ప్రాణాంతకం.
• అతుకుల దగ్గర టేపు చాలదు. బోరులోకి దిగే కేబుల్ అతుకుకు నీరు చొరని జాయింట్ కిట్ వాడాలి.
• వరదలో మునిగిన మోటారును నీళ్లు తగ్గగానే ఆన్ చేయవద్దు. విప్పి, మంచి నీటితో బురద కడిగించి, పూర్తిగా ఆరబెట్టించి, బేరింగులు మార్పించి, 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్ష చేయించాలి. ఇన్సులేషన్ 1 మెగా ఓమ్ కంటే తక్కువ ఉంటే నడపకూడదు.
• రొయ్యలు, చేపల చెరువుల్లో ఏరేటర్ల కేబుళ్లు నీటిలోనే ఉంటాయి. ఉప్పునీరు ఇన్సులేషన్‌ను, బోల్టులను త్వరగా తింటుంది. ఒక్కో ఏరేటర్ లైనుకు 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే ఆగిపోయే ఆర్‌సీసీబీ పెట్టండి. కరెంటు ఆపకుండా చెరువులో దిగవద్దు, కూలీలను దించవద్దు.

దుమ్ము, గ్యాస్ ఉండే చోట

బోరు మోటారు పొలానికి సరిపోయినట్టు, మామూలు మోటారు అన్ని చోట్లకూ సరిపోదు. దాణా మిక్సింగ్ యూనిట్, పిండి మిల్లు, రైస్ మిల్లు, పసుపు, కారం పొడి పట్టే యూనిట్, పత్తి జిన్నింగ్ మిల్లు — వీటిలో గాలిలో తేలే సన్నటి పొడి మండే పదార్థమే. మూసి ఉన్న గదిలో అది మబ్బులా లేచినప్పుడు స్టార్టర్‌లో చిన్న నిప్పురవ్వ లేచినా పేలుడు జరగవచ్చు. మోటారుపై పేరుకున్న పొర వేడిని బయటకు పోనివ్వదు, అదే లోలోపల రాజుకుంటుంది.

• మోటారు పూర్తిగా మూసి, ఫ్యాన్‌తో చల్లబడే రకమై ఉండాలి. నేమ్ ప్లేట్‌పై ఐపీ తర్వాత ఉండే మొదటి అంకె దుమ్ము నుంచి, రెండోది నీటి నుంచి ఎంత రక్షణో చెబుతుంది. ఐపీ 55 అంటే లోపల హాని చేసేంత దుమ్ము చేరదు, నీటి జల్లునూ తట్టుకుంటుంది.
• దుమ్ము మబ్బులా లేచే చోటుకు ఐపీ అంకె ఒక్కటే చాలదు. అలాంటి చోట్లకు ప్రత్యేకంగా ధ్రువీకరించిన మోటారే కావాలి.
• స్టార్టర్, స్విచ్‌లు దుమ్ము గది బయట పెట్టండి. రోజూ పని అయ్యాక మోటారు ఆపి బ్రష్‌తో తుడవండి. గాలి గొట్టంతో ఊదితే పొడి మళ్లీ గాలిలోకి లేస్తుంది.
• గోబర్ గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం కలిసినప్పుడు పేలుతుంది. గ్యాస్ చేరే గదిలో మామూలు మోటారు, బల్బు స్విచ్ వద్దు. గాలి బాగా ఆడేలా పైభాగంలో కిటికీలు ఉండాలి. తప్పనిసరైతే ధ్రువీకరణ పొందిన ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారే వాడాలి.

ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారులోకి గ్యాస్ పోదని అనుకోవద్దు. గ్యాస్ పోతుంది, లోపల మండవచ్చు కూడా. కానీ దాని మందపాటి బాడీ ఆ పేలుడును తట్టుకుంటుంది. మూతల మధ్య సన్నని సందు గుండా బయటకొచ్చేలోపు మంట చల్లారిపోతుంది. అందుకే ఆ అంచుల మీద గీతలు పడినా, ఒక్క బోల్టు తగ్గినా, కొత్తగా రంధ్రం వేసినా రక్షణ పోయినట్టే. దీన్ని ఊరి షాపులో విప్పించకుండా, అలాంటి మోటార్ల మరమ్మతుకు అర్హత ఉన్నచోటికే పంపాలి.

ఏ పని ఎప్పుడు?

రోజూ: కొత్త శబ్దం, వాసన, వణుకు ఉన్నాయేమో గమనించండి. నీళ్ల ధార తగ్గిందేమో చూడండి.

నెలకోసారి: వోల్టేజి, మూడు ఫేజుల ఆంప్స్ చూపించి తేదీతో నోటుబుక్కులో రాయండి. మెయిన్ ఆపించి స్టార్టర్ టెర్మినళ్లు బిగించి, కాంటాక్టులు నల్లబడ్డాయేమో చూపించండి. చీమలు, బల్లులు చేరకుండా డబ్బా రంధ్రాలు మూయండి.

వానాకాలం, యాసంగి మొదలయ్యే ముందు: మెగ్గర్ పరీక్ష, ఎర్తింగ్ తనిఖీ చేయించండి. గ్రీజు పెట్టే బేరింగులైతే ఒకే రకం గ్రీజు, ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకే పెట్టాలి. నిండా కుక్కితే బేరింగు వేడెక్కుతుంది. నీటితో నింపే సబ్‌మెర్సిబుల్ మోటారును దించే ముందు తయారీదారు చెప్పిన విధంగా శుభ్రమైన నీటితో నింపాలి.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే సొంతంగా వేయడానికి వెళ్లవద్దు. లైన్‌మన్‌కు గానీ, 1912 నంబరుకు గానీ ఫోన్ చేయండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి కర్రతో వైరును తప్పించి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒట్టి చేతులతో పట్టుకుంటే ఇద్దరికీ ప్రమాదమే.

ఈ వారంలోనే మీ మోటారు నేమ్ ప్లేట్‌పై ఉన్న ఆంప్స్ రాసుకొని, స్టార్టర్‌లోని రిలే ఎంతకు సెట్ చేసి ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రెండూ సరిపోలకపోతే పంటకు నీళ్లు అత్యవసరమయ్యేలోపే సరిచేయించుకోండి.