సంగీతంపై రాస్తారా? డిసెంబరులో చెన్నై వెళ్లండి!

సంగీతం గురించి రాయాలనుందా? ఓ నెల చెన్నైకి కేటాయించండి. 1927 కాంగ్రెస్ మహాసభలప్పుడు జరిగిన సంగీత సదస్సు నుంచే అక్కడి మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే ఊరంతా కచేరీలే.

సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీకి టికెట్ కొనాలి. మధ్యాహ్నం కొత్తవాళ్లు పాడేచోట చాలా సభల్లో ప్రవేశం ఉచితం. మీరు వెళ్లాల్సింది అక్కడికే! పేరున్నవాళ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది. ఖాళీ కుర్చీల ముందు పాడే అమ్మాయికి మాత్రం మీరు రాసేదే మొదటి సమీక్ష కావచ్చు. 'అద్భుతం' అని తేల్చేయొద్దు. రాగం, తాళం, పక్కవాద్యాలవారి పేర్లు నోట్ చేసుకోండి. రాగం తెలియలేదా? పక్క సీట్లో పెద్దాయన్ని అడిగేయండి. ఆ రాత్రే రాసేయండి.

మనకో లాభం కూడా ఉంది. త్యాగరాజ కృతులు ఎక్కువగా తెలుగులోనే. పాటలో మాట ఎక్కడ విరిగిందో మీకు ఇట్టే దొరికిపోతుంది. అదే రాయండి.