డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా కటకాలు, ఉపకరణాల ఎంపిక

డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అనగా ఒకే కటకం ద్వారా వచ్చే వెలుగును అద్దం సాయంతో దృశ్యదర్శినికి మళ్ళించి, చిత్రం తీసే క్షణంలో ఆ అద్దం పైకి లేచి సెన్సరు పైకి వెలుగును పంపే డిజిటల్ కెమెరా. ఈ కెమెరాల ప్రధాన లక్షణం కటకాన్ని మార్చుకొనే వీలు. అందువలన కెమెరా కొనుగోలు ఒక్కసారితో ముగియదు. కటకాలు, ఫ్లాష్, ట్రైపాడ్, వడపోతలు వంటివి క్రమంగా చేరుతూ పోతాయి. అనేక సందర్భాలలో వీటి మొత్తం ధర కెమెరా ధరను మించిపోతుంది. కెమెరా బాడీలు కొన్ని సంవత్సరాలకే పాతబడతాయి కాని, జాగ్రత్తగా వాడిన కటకం దశాబ్దాల పాటు పనిచేస్తుంది. కాబట్టి కటకాల ఎంపికకు కెమెరా ఎంపిక కంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

నేపథ్యం

1991లో కొడాక్ సంస్థ నికాన్ ఎఫ్3 ఫిల్మ్ కెమెరా ఆధారంగా తొలి వాణిజ్య డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ను విడుదల చేసింది. 1999లో నికాన్ డి1, 2000లో కానన్ డి30 వచ్చాయి. 2003లో కానన్ 300డి, 2004లో నికాన్ డి70 రాకతో ఈ కెమెరాలు సామాన్య ఔత్సాహికులకు అందుబాటులోకి వచ్చాయి. 2008లో నికాన్ డి90తో వీడియో తీసే సౌకర్యం కూడా చేరింది.

2018లో నికాన్ జెడ్ మౌంటు, కానన్ ఆర్.ఎఫ్. మౌంటు కలిగిన అద్దం లేని కెమెరాలను ప్రవేశపెట్టాయి. ఆ తరువాత ఈ రెండు సంస్థల దృష్టి వాటి వైపు మళ్ళింది. 2020 తరువాత ఈ రెండింటి నుండి కొత్త డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. నమూనాలు రాలేదు. సోనీ తన ఎ-మౌంటు కెమెరాలను 2021లో నిలిపివేసింది. పెంటాక్స్ మాత్రం 2021లో కె-3 మార్క్ 3ని విడుదల చేసింది. ఈ మార్పు వలన డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కటకాలు పాత సామాను విపణిలో తక్కువ ధరకు లభిస్తున్నాయి. అదే సమయంలో ఏ మౌంటుపై డబ్బు వెచ్చించాలన్న ప్రశ్న మునుపటి కంటే ముఖ్యమైనది.

మౌంటు

కటకం కెమెరాకు బిగుసుకొనే లోహపు కంకణాన్ని మౌంటు అంటారు. ఒక సంస్థ మౌంటుకు చేసిన కటకం వేరొక సంస్థ కెమెరాకు సాధారణంగా సరిపడదు. ప్రధానమైన మౌంటులు ఇవి:

• నికాన్ ఎఫ్ - 1959లో మొదలైనది. కంకణం ఆకారం మారలేదు కాని, లోపలి విద్యుత్, యాంత్రిక సంధానాలు అనేకసార్లు మారాయి.
• పెంటాక్స్ కె - 1975లో మొదలైనది.
• మినోల్టా ఎ - 1985లో మొదలై, 2006లో సోనీ చేతికి వచ్చినది.
• కానన్ ఇ.ఎఫ్. - 1987లో మొదలైనది. అంతకు ముందున్న ఎఫ్.డి. కటకాలు దీనికి నేరుగా సరిపడవు.

మౌంటు సరిపోయినంత మాత్రాన కటకం పూర్తిగా పనిచేస్తుందని అనుకోరాదు. నికాన్ డి40, డి60, డి3000, డి5000 వంటి కెమెరాలలో నాభీకరణ మోటారు లేదు. వీటిపై పాత ఎ.ఎఫ్.-డి కటకాలను బిగిస్తే నాభీకరణ చేతితోనే చేయాలి. మోటారు కటకంలోనే ఉండే ఎ.ఎఫ్.-ఎస్. రకం కటకాలు మాత్రమే వీటిపై స్వయంచాలకంగా పనిచేస్తాయి. అదే విధంగా, చిన్న సెన్సరుకు తయారైన కానన్ ఇ.ఎఫ్.-ఎస్. కటకాలు ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు బిగుసుకోవు. నికాన్ డి.ఎక్స్. కటకాలు ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు బిగుసుకొంటాయి కాని, సెన్సరులో మధ్య భాగం మాత్రమే వినియోగమవుతుంది.

ఇ.ఎఫ్. కటకాలను అడాప్టరు ద్వారా కానన్ ఆర్.ఎఫ్. కెమెరాలపై స్వయంచాలక నాభీకరణతో వాడవచ్చు. నికాన్ ఎఫ్.టి.జెడ్. అడాప్టరులో మోటారు లేనందున, జెడ్ కెమెరాలపై ఎ.ఎఫ్.-ఎస్. కటకాలు స్వయంచాలకంగా నాభీకరిస్తాయి, ఎ.ఎఫ్.-డి కటకాలు నాభీకరించవు. మున్ముందు అద్దం లేని కెమెరాకు మారదలచినవారు ఈ భేదాన్ని ముందే గమనించాలి.

నాభ్యంతరం, సెన్సరు పరిమాణం

కటకం ఎంత విశాలమైన దృశ్యాన్ని చూడగలదో దాని నాభ్యంతరం నిర్ణయిస్తుంది. దీనిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. నాభ్యంతరం తక్కువైతే దృశ్యకోణం విశాలమవుతుంది, ఎక్కువైతే దూరపు వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది. 36×24 మి.మీ. సెన్సరును ఫుల్ ఫ్రేమ్ అంటారు. సాధారణ ధర కలిగిన కెమెరాలలో దీనికంటే చిన్నదైన ఎ.పి.ఎస్.-సి సెన్సరు ఉంటుంది. దీనిలో అదే కటకం ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. పోలిక కొరకు నాభ్యంతరాన్ని నికాన్, పెంటాక్స్, సోనీలలో 1.5తోను, కానన్‌లో 1.6తోను హెచ్చిస్తారు. 18-55 మి.మీ. కటకం నికాన్ డి.ఎక్స్. కెమెరాపై ఫుల్ ఫ్రేమ్‌లోని 27-82 మి.మీ. కటకంతో సమానమైన దృశ్యాన్ని ఇస్తుంది.

ఎంత నాభ్యంతరం కావాలో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సెన్సరుపై ప్రతిబింబం పరిమాణం సుమారుగా వస్తువు పరిమాణాన్ని నాభ్యంతరంతో హెచ్చించి దూరంతో భాగిస్తే వస్తుంది. పులికాట్ సరస్సు వద్ద 30 మీటర్ల దూరంలో సుమారు ఒక మీటరు ఎత్తున్న రాజహంస నిలిచి ఉందనుకొందాం. 55 మి.మీ. వద్ద దాని ప్రతిబింబం 2 మి.మీ. లోపే ఉంటుంది. 300 మి.మీ. వద్ద 10 మి.మీ. ఉంటుంది. 16 మి.మీ. ఎత్తున్న సెన్సరుపై ఇది దాదాపు మూడింట రెండు వంతులు. నేలపట్టు, కొల్లేరు వంటి చోట్ల పక్షుల చిత్రాలకు కెమెరాతో పాటు వచ్చే కటకం చాలకపోవటానికి కారణం ఇదే.

సూక్ష్మరంధ్రం

కటకంలోనికి వెలుగును అనుమతించే రంధ్రం పరిమాణాన్ని ఎఫ్-సంఖ్యతో సూచిస్తారు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కొక్క మెట్టుకు వెలుగు సగమవుతుంది. సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది. కటకం పేరులో రాసే ఎఫ్-సంఖ్య దాని గరిష్ఠ రంధ్రాన్ని తెలుపుతుంది. 18-55 మి.మీ. ఎఫ్/3.5-5.6 అనగా 18 మి.మీ. వద్ద ఎఫ్/3.5, 55 మి.మీ. వద్ద ఎఫ్/5.6 గరిష్ఠం అని అర్థం.

ఎఫ్/1.8 వద్ద ఎఫ్/5.6 కంటే సుమారు పది రెట్లు వెలుగు ప్రవేశిస్తుంది. లేపాక్షి ఆలయ మండపపు కప్పుపై ఉన్న వర్ణచిత్రాలను చేతితో పట్టుకొని తీసే సందర్భంలో ఎఫ్/5.6 వద్ద సెకనులో 5వ వంతు అవసరమైతే, ఎఫ్/1.8 వద్ద 50వ వంతు సరిపోతుంది. మొదటిది చేయి వణుకుకు చెదిరే అవకాశం ఎక్కువ. రెండవది చాలామందికి సాధ్యమే. రంధ్రం పెద్దదైనపుడు స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. ముఖచిత్రాలలో వెనుక దృశ్యం మసకబారి ముఖం ప్రస్ఫుటమవటానికి ఇదే కారణం.

కటకాలలో రకాలు

కిట్ కటకం: 18-55 మి.మీ. కెమెరాతో పాటు తక్కువ ధరకు లభిస్తుంది. దీనిని కొన్ని నెలలు వాడి, తీసిన చిత్రాలలో ఏ నాభ్యంతరం ఎక్కువగా ఉందో పరిశీలించిన తరువాత రెండవ కటకం కొనటం మంచిది.

ప్రైమ్ కటకం: నాభ్యంతరం మారనిది. తక్కువ ధరకే పెద్ద రంధ్రం, మంచి స్పష్టత ఇస్తుంది. 1990లో వచ్చిన కానన్ 50 మి.మీ. ఎఫ్/1.8 రెండవ రూపం, 2009లో వచ్చిన నికాన్ డి.ఎక్స్. 35 మి.మీ. ఎఫ్/1.8 ఈ తరగతిలో ప్రసిద్ధమైనవి.

టెలిఫోటో: 70-300 మి.మీ. వంటివి. క్రీడలకు, పక్షులకు, వేదికపై ప్రదర్శనలకు వాడతారు.

వైడ్ యాంగిల్: ఎ.పి.ఎస్.-సి కెమెరాలలో 10-20 మి.మీ. శ్రేణి. గదుల లోపలి భాగాలకు, కట్టడాలకు అనువైనది. కెమెరాను పైకి వంచితే గోపురాలు వెనుకకు ఒరిగినట్లు కనిపిస్తాయి.

మాక్రో: వస్తువును సెన్సరుపై దాని అసలు పరిమాణంలోనే చూపగలిగినది. పురుగులు, పూలు, నాణేల కొరకు వాడతారు.

కంపన నిరోధం

చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు కలిగిన ఎస్.ఎల్.ఆర్. కటకాన్ని కానన్ 1995లో ప్రవేశపెట్టింది. నికాన్ దీనిని వి.ఆర్. అని, కానన్ ఐ.ఎస్. అని వ్యవహరిస్తాయి. ఈ రెండు సంస్థల ఎస్.ఎల్.ఆర్.లలో ఈ ఏర్పాటు కటకంలో ఉంటుంది. పెంటాక్స్, సోనీలలో కెమెరాలోనే ఉంటుంది. ఇది లేనపుడు షట్టరు వేగం నాభ్యంతరపు విలోమానికి తగ్గరాదని వాడుక సూత్రం. 200 మి.మీ.కు సెకనులో 200వ వంతు, ఎ.పి.ఎస్.-సి కెమెరాలో 300వ వంతు అవసరమవుతాయి. కంపన నిరోధం చేతి కదలికను మాత్రమే సరిదిద్దుతుంది. కదిలే కూచిపూడి నర్తకిని నిలిపి చూపాలంటే షట్టరు వేగం పెంచవలసిందే. అందుకు పెద్ద రంధ్రం గాని, ఎక్కువ ఐ.ఎస్.ఓ. గాని కావాలి.

ఉపకరణాలు

ఫ్లాష్

ఫ్లాష్ శక్తిని గైడ్ సంఖ్యతో తెలుపుతారు. ఈ సంఖ్యను ఎఫ్-సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం వస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద గైడ్ సంఖ్య 12 ఉన్న అంతర్గత ఫ్లాష్ ఎఫ్/4తో 3 మీటర్ల వరకే చాలుతుంది. 36 ఉన్న బాహ్య ఫ్లాష్ 9 మీటర్లకు చేరుతుంది. పెళ్ళి మండపంలో వెనుక వరుస నుండి అంతర్గత ఫ్లాష్‌తో తీసిన చిత్రాలు చీకటిగా రావటానికి కారణం ఇదే. ఫిల్మ్ కాలపు కొన్ని పాత ఫ్లాష్‌లలో ట్రిగ్గరు వోల్టేజి చాలా ఎక్కువ. వాటిని డిజిటల్ కెమెరాకు బిగిస్తే విద్యుత్ వలయాలు దెబ్బతినవచ్చు.

ట్రైపాడ్

కెమెరా, అత్యంత బరువైన కటకం రెండింటి మొత్తం బరువు కంటే ఎక్కువ మోయగలిగిన ట్రైపాడ్‌ను ఎంచుకోవాలి. మధ్య కాడను పూర్తిగా ఎత్తితే స్థిరత్వం తగ్గుతుంది. రిమోట్ మీట గాని స్వీయ సమయ మీట గాని వాడితే వేలి ఒత్తిడి వలన కలిగే కదలిక ఉండదు. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడకానికి ముందస్తు అనుమతి అవసరం కావచ్చు.

వడపోతలు

వడపోత కొనే ముందు కటకం ముందరి వ్యాసాన్ని (52, 58, 67, 77 మి.మీ. మొదలైనవి) చూసుకోవాలి. డిజిటల్ సెన్సరుపై అతినీలలోహిత కిరణాలను ఆపే పొర ఉన్నందున, యు.వి. వడపోత ముఖ్యంగా గాజుకు రక్షణగానే ఉపకరిస్తుంది. నాసిరకం వడపోత చిత్రపు స్పష్టతను తగ్గిస్తుంది. పోలరైజరు నీటిపై, ఆకులపై మెరుపును తగ్గించి ఆకాశపు నీలిమను పెంచుతుంది. ఎస్.ఎల్.ఆర్.లలో వృత్తాకార పోలరైజరునే వాడాలి. రేఖీయ రకం నాభీకరణను, వెలుగు కొలతను తప్పుదారి పట్టించవచ్చు.

సూర్యగ్రహణ చిత్రాలకు ప్రత్యేక సౌర వడపోతను కటకం ముందు భాగంలో బిగించాలి. ఇది లేకుండా ఎస్.ఎల్.ఆర్. దృశ్యదర్శిని గుండా సూర్యుని చూస్తే కటకం కేంద్రీకరించిన వెలుగు నేరుగా కంటిని చేరి శాశ్వతంగా చూపు పోవచ్చు. సాధారణ ఎన్.డి. వడపోతలు, ఎక్స్-రే ఫిల్ములు ఇందుకు సురక్షితం కావు.

మెమరీ కార్డులు

2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. కార్డులు 32 జీబీ వరకు, 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. కార్డులు అంతకు మించి నిలువ చేస్తాయి. పాత కెమెరాలు కొత్త రకాన్ని చదవలేవు. 24 మెగాపిక్సెల్ కెమెరా రా చిత్రాలు 32 జీబీ కార్డులో సుమారు వెయ్యి పడతాయి. నకిలీ కార్డులు చూపిన సామర్థ్యం నిండక ముందే చిత్రాలను పోగొడతాయి. కాబట్టి ముఖ్యమైన వేడుకకు ముందే కార్డును పూర్తిగా నింపి పరీక్షించాలి. ఒకే పెద్ద కార్డు కంటే రెండు చిన్న కార్డులు మేలు.

సంరక్షణ

తేమ కటకానికి ప్రధాన శత్రువు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో వర్షాకాలమంతా వాడకుండా సంచిలో ఉంచిన కటకం లోపల బూజు పెరుగుతుంది. ఇది సాలెగూడు ఆకారంలో వ్యాపించి, గాజుపై పూతను తినివేస్తుంది. ముదిరిన తరువాత శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. నివారణకు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో కెమెరాను ఉంచి, తేమను 40 నుండి 50 శాతం మధ్య నిలపాలి. నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే వేడి చేసి తిరిగి వాడవచ్చు. తోలు సంచులు తేమను పీల్చుకొంటాయి కాబట్టి దీర్ఘకాలపు నిలువకు పనికిరావు.

కటకం మార్చేటపుడు కెమెరాను ఆపివేసి, ముఖం కిందికి ఉంచి, దుమ్ము లేని చోట త్వరగా మార్చాలి. ముందరి గాజుపై దుమ్మును మొదట రబ్బరు ఊదుడు బుడ్డితో తొలగించిన తరువాతనే మెత్తని వస్త్రంతో తుడవాలి. దుమ్ము ఉండగా చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి.

పాత కటకాల కొనుగోలు

వాడిన కటకాన్ని కొనే ముందు ఈ క్రింది అంశాలను పరీక్షించాలి:

• వెనుక నుండి టార్చి వెలుగు పంపి, లోపల బూజు, పొగమంచు వంటి పొర ఉన్నాయేమో చూడాలి.
• రంధ్రపు రేకులపై నూనె మరకలు ఉండరాదు.
• సొంత కెమెరాకు బిగించి, దగ్గరి, దూరపు వస్తువులపై స్వయంచాలక నాభీకరణను పరీక్షించాలి.
• గరిష్ఠ రంధ్రం వద్ద గోడను గాని, వార్తాపత్రికను గాని చిత్రించి, నాలుగు మూలలలో స్పష్టత సమానంగా ఉందో లేదో పోల్చాలి.

బూజు పట్టిన కటకం ఎంత చవకగా వచ్చినా కొనకపోవటం మంచిది. దానిని మిగిలిన కటకాలతో పాటు తేమ ఉన్న చోట ఉంచితే వాటికీ ముప్పే.

కొనుగోలు క్రమం

పరిమిత ధనం ఉన్నవారికి సాధారణంగా అనువైన క్రమం కిట్ కటకం, అదనపు బ్యాటరీ, కార్డు, నిలువ డబ్బా, తరువాత ఒక ప్రైమ్ కటకం. ఆపై అవసరాన్ని బట్టి పక్షులు తీసేవారు టెలిఫోటోను, వేడుకలు తీసేవారు బాహ్య ఫ్లాష్‌ను, కట్టడాలు తీసేవారు ట్రైపాడ్‌ను, వైడ్ యాంగిల్ కటకాన్ని చేర్చుకొంటారు. వాడని కటకం డబ్బాలో తేమకు పాడవుతుంది. వాడే ఒక్క కటకం యొక్క హద్దులు తెలిసినవారికి తరువాత ఏది అవసరమో ఆ హద్దులే తెలియజేస్తాయి.

ఇవి కూడా చూడండి

• ఛాయాచిత్రకళ
• కటకం
• నాభ్యంతరం
• షట్టరు వేగం