రాంగ్లర్‌కు సూపర్‌చార్జర్ పెట్టించాలా?

డెన్వర్‌లోనో సాల్ట్‌లేక్ సిటీలోనో స్థిరపడ్డ మనవాళ్లలో కొందరికి శనివారం వస్తే కొండలే లోకం. పాత జీప్ రాంగ్లర్ ఒకటి కొంటారు. కొన్నాళ్లకు పెద్ద టైర్లు పడతాయి. సస్పెన్షన్ ఎత్తు పెరుగుతుంది. ముందు ఇనుప బంపరు, దాని మీద వించ్ వచ్చి చేరతాయి. ఆ తర్వాత బండి మునుపటిలా లాగడం లేదనిపిస్తుంది. సూపర్‌చార్జర్ పెట్టిస్తే బాగుంటుందా అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. కిట్టు, కూలీ కలిపి వేల డాలర్ల వ్యవహారం కాబట్టి మొదటినుంచీ నిదానంగా చూద్దాం.

ఉదాహరణకు జేకే తరం రాంగ్లర్ రూబికాన్‌ను తీసుకుందాం. 2012 నుంచి 2018 వరకు అందులో వచ్చినది 3.6 లీటర్ల పెంటాస్టార్ వి6 పెట్రోలు ఇంజన్. శక్తి 285 హార్స్‌పవర్, టార్క్ దాదాపు 353 న్యూటన్ మీటర్లు. టర్బో లేదు. బయట ఉన్న గాలిని ఉన్నట్టుగా పీల్చుకుని నడిచే ఇంజన్ ఇది.

ఇంతకీ సూపర్‌చార్జర్ చేసే పనేమిటి?

శక్తి పెట్రోలులో ఉన్నా, దానికి హద్దు గీసేది గాలి. ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా చిమ్మవచ్చు. గాలి మాత్రం సిలిండర్లో పట్టినంతే. సూపర్‌చార్జర్ ఆ గాలిని నొక్కి, చిక్కబరిచి లోపలికి తోస్తుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఎలాగో ఇంజన్‌కు ఇది అలాగ. దీని పుట్టుక కూడా అటువంటి పనిలోనే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన బ్లోయర్ ఇనుము కరిగించే కొలుములకు, గనులకు గాలి అందించేది. కార్ల ఇంజన్ల మీదికి ఆ తర్వాతెప్పుడో ఎక్కింది.

దాన్ని తిప్పేది ఇంజనే. క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు మీద తిరుగుతుంది. టర్బో అయితే సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువులతో తిరుగుతుంది. అది వేగం అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. సూపర్‌చార్జర్‌కు ఆ ఆలస్యం దాదాపు ఉండదు. బదులుగా ఇంజన్ పుట్టించిన శక్తిలో కొంత అదే తినేస్తుంది.

రాంగ్లర్‌కు దొరికే కిట్లు సాధారణంగా ఆరేడు పీఎస్ఐ అదనపు ఒత్తిడి ఇస్తాయి. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ. అంటే ఇంజన్‌కు గాలి ఇదివరకటి కంటే సుమారు 1.45 రెట్ల ఒత్తిడితో అందుతుంది. ఈ 1.45ను గుర్తుపెట్టుకోండి, ముందు అవసరమవుతుంది.

రాళ్లు ఎక్కడానికి ఇది ఎందుకు అక్కర్లేదు?

రాళ్ల దారిలో కావలసింది చక్రం దగ్గర టార్క్, అదీ నడక వేగంలో. ఆ టార్క్‌ను అసలు పెంచేది గేర్లు. మాన్యువల్ రూబికాన్‌లో ఫస్ట్ గేర్ నిష్పత్తి 4.46. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను లో రేంజ్‌లో వేస్తే 4. యాక్సిల్‌లో 4.10. మూడూ గుణిస్తే 73 వస్తుంది. ఇంజన్ 73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వేగం ఎన్ని రెట్లు తగ్గిందో టార్క్ అన్ని రెట్లు పెరుగుతుంది. 353ను 73తో గుణించండి: 25,000 న్యూటన్ మీటర్లు దాటుతుంది.

ఇప్పుడు టైరు వైపు నుంచి చూద్దాం. బండి బరువు సుమారు రెండు టన్నులు, టైరు ఎత్తు 32 అంగుళాలు. పొడి రాతి మీద టైర్ల పట్టు బండి బరువంత ఉంటుందని ఉదారంగా లెక్కేసినా, నాలుగు చక్రాలూ కలిసి నేలకు దింపగలిగేది 8,000 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించితే టైరు జారి తిరుగుతుంది, లేదా యాక్సిల్ షాఫ్ట్ విరుగుతుంది. ఇంజన్ తన టార్క్‌లో సగమే ఇచ్చినా టైరు పట్టును మించే ఉంటుంది. ఉన్న టార్కే నేలకు దిగని చోట, ఇంకా కొంత తెచ్చి పోసినందువల్ల బండి ఒక్క అంగుళం కూడా ఎక్కువ ఎక్కదు.

పైగా కొంత చెరుపు కూడా ఉంది. రాయి అంచున టైరును వెంట్రుకవాసి జరపవలసిన చోట పెడల్‌కు ఇంజన్ మెత్తగా స్పందించాలి. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్‌లో పాదం కాస్త బరువైతే టార్క్ ఒక్కసారిగా ఎగుస్తుంది. జారుతున్న టైరు హఠాత్తుగా పట్టు దొరికి ఆగినప్పుడు ఆ దెబ్బంతా షాఫ్టుల మీద పడుతుంది. రూబికాన్‌లో ముందు వెనకా డానా 44 యాక్సిళ్లు ఉంటాయి కాబట్టి కొంత నయం. మామూలు రాంగ్లర్‌లో ముందున్నది అంతకంటే సన్నని డానా 30.

మరి పెద్ద టైర్లు వేశాక బండి ఎందుకు లాగడం లేదు?

32 అంగుళాల టైరు తీసి 35 వేస్తే, చక్రం ఒక్క చుట్టుకు వెళ్లే దూరం 9 శాతం పెరుగుతుంది. యాక్సిల్‌లో 4.10 గేర్లు ఉన్నా అవి 3.75 లాగే పనిచేస్తాయి. 37 వేస్తే 3.55 అయినట్టే. టైర్ల బరువు, బంపరు బరువు, ఎత్తు పెరగడం వల్ల గాలి ఒరిపిడి దీనికి తోడవుతాయి. హైవే మీద చిన్న ఎత్తు వచ్చినా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఐదో గేర్లో నిలవలేక నాలుగుకు దిగుతుంది, మళ్లీ ఐదుకు వెళుతుంది, మళ్లీ దిగుతుంది. నడిపేవారికి ఇంజన్ బలహీనపడ్డట్టు అనిపిస్తుంది. ఇంజన్ బలం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చెడింది గేర్ల లెక్క.

చెడినదాన్నే సరిచేయాలి. రెండు యాక్సిళ్లలోనూ రింగ్, పినియన్ గేర్లు మార్పించాలి. 35 అంగుళాలకు 4.56 గానీ 4.88 గానీ, 37 అంగుళాలకు 4.88 గానీ 5.13 గానీ వేయించడం అలవాటు. దీనికయ్యే ఖర్చు సూపర్‌చార్జర్ ఖర్చులో మూడో వంతు, నాలుగో వంతు ఉంటుంది.

పని మాత్రం చెయ్యి తిరిగినవారే చేయాలి. పినియన్ ఎంత లోతుకు కూర్చుంది, రెండు గేర్ల పళ్ల మధ్య సందు ఎంత అన్నది వెంట్రుక మందంలో సరిచూడాలి. మంచి మెకానిక్ రింగ్ గేర్ పళ్లకు రంగు పేస్టు రాసి, గేరును ముందుకూ వెనక్కూ తిప్పి, పన్ను మీద పడ్డ ముద్ర చూస్తాడు. ముద్ర పన్ను నడిమధ్య పడితే సరిగ్గా కూర్చున్నట్టు. పన్ను కొసకో మొదలుకో జరిగితే మళ్లీ విప్పి షిమ్‌లు మారుస్తాడు. ఆ ముద్రను ఫొటో తీసి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. కొత్త గేర్లతో మొదటి కొన్ని వందల మైళ్లు బరువులు లాగకుండా నడిపి, ఆ తర్వాత యాక్సిల్ ఆయిల్ మార్చండి.

సూపర్‌చార్జర్ నిజంగా అక్కరకొచ్చేది ఎక్కడ?

మొదటిది ఎత్తు. డెన్వర్ నుంచి పడమటికి ఐ-70 మీద వెళితే ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర రోడ్డు 11,000 అడుగులు దాటుతుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో మూడింట రెండు వంతులే. 285 హార్స్‌పవర్ ఇంజన్ అక్కడ దాదాపు 190 హార్స్‌పవర్‌కు పడిపోతుంది. రోడ్డు కాని రోడ్డున ఇమోజీన్ పాస్ దాటేవారు 13,000 అడుగులు చూస్తారు.

ఇక్కడే ఆ 1.45 పనికొస్తుంది. పుల్లీ కొలత మారదు కాబట్టి సూపర్‌చార్జర్ బయట ఎంత గాలి ఉంటే దాన్ని అదే నిష్పత్తిలో హెచ్చిస్తుంది. మూడింట రెండు వంతులను 1.45తో గుణిస్తే దాదాపు ఒకటి. అంటే ఆ సొరంగం దగ్గర మీ ఇంజన్ సముద్రమట్టంలో పీల్చినంత గాలి పీలుస్తుంది. కొండ లాక్కున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం ఇది. గేర్లు మార్చడం వల్ల ఈ మేలు రాదు, ఎందుకంటే గేర్లు టార్క్‌ను పెంచగలవు గానీ హార్స్‌పవర్‌ను పుట్టించలేవు.

రెండోది ఇసుక. కాలిఫోర్నియాలోని గ్లామిస్ తిన్నెలైనా, అబుదాబి దక్షిణాన ఉన్న లీవా తిన్నెలైనా, ఇసుక కొండ ఎక్కాలంటే చక్రం జోరుగా తిరుగుతూనే ఉండాలి. నెమ్మదిస్తే కూరుకుపోతుంది. అక్కడ కావలసింది అచ్చంగా హార్స్‌పవరే. మూడోది, వెనక ట్రెయిలర్ కట్టుకుని తరచూ కొండరోడ్లు ఎక్కడం.

నా బండికి లోటు ఏదో ఎలా తెలుసుకోవాలి?

బండి లాగడం లేదనిపించిన చోట పెడల్ పూర్తిగా నొక్కి, టాకోమీటర్ చూడండి. రద్దీ లేని పొడి రోడ్డు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని అంకెలు రాయించండి.

ముల్లు 2,000, 2,500 దగ్గరే ఉండి బండి మొరాయిస్తూ, ఒక గేరు దించగానే తేరుకుంటే లోటు గేర్లలో ఉంది. ఈ ఇంజన్ గరిష్ఠ టార్క్ 4,800 ఆర్‌పీఎం దగ్గర, గరిష్ఠ శక్తి 6,400 దగ్గర ఇస్తుంది. మీ గేర్లు దాన్ని అక్కడిదాకా పోనివ్వడం లేదన్నమాట.

ముల్లు 5,500 దాటి ఇంజన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే అది గాలి లోటు. మీకు సూపర్‌చార్జర్ పనికొస్తుంది.

రాళ్ల మీద, లో రేంజ్‌లో టైర్లు ఊరికే తిరుగుతూ బండి కదలకపోతే అది పట్టు లోటు. టైరులో గాలి తగ్గించండి, యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్లు వేయండి, మరో దారి చూసుకోండి.

పెట్టించాలనే నిర్ణయిస్తే ఏం చూసుకోవాలి?

రకాలు ముఖ్యంగా రెండు. రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు ఇంజన్ కొద్దిగా తిరుగుతున్నప్పటి నుంచే ఒత్తిడి ఇస్తాయి. సెంట్రిఫ్యూగల్ రకంలో ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. బరువుతో ఘాట్ ఎక్కేవారికి మొదటిది హాయి. హైవే మీద ఎక్కువ తిరుగుతూ, రోడ్డు వదిలి వెళ్లినప్పుడు పెడల్ మెత్తగా ఉండాలనుకునేవారికి రెండోది నప్పుతుంది.

తర్వాత వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 1.45 రెట్లు నొక్కేటప్పుడు 30 డిగ్రీల గాలి 80 డిగ్రీలు దాటడం మామూలే. వేడి గాలితో సిలిండర్లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను పేలుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. పిస్టన్లు పగిలేది దీనివల్లే. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 10.2, అంటే ముందే ఎక్కువ. కాబట్టి ఇంటర్‌కూలర్ ఉన్న కిట్టే తీసుకోండి. పెట్రోలు 91 ఆక్టేన్ తప్పనిసరి. కొలరాడో బంకుల్లో రెగ్యులర్ పేరుతో అమ్మేది 85 ఆక్టేన్, అది పొరపాటున కూడా పోయకండి. మారుమూల ఊళ్లలో 91 దొరుకుతుందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.

గాలి పెరిగాక పెట్రోలూ పెరగాలి. అందుకు తగిన ఇంజెక్టర్లు, ఇంజన్ కంప్యూటర్‌కు ఆ కిట్టు కోసమే రాసిన ట్యూన్ కిట్టుతోపాటు వచ్చేలా చూసుకోండి. విడిభాగాలు తలా ఒకచోట కొని అతికించే పని వద్దు. పెట్టించే ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. పెంటాస్టార్‌లో రాకర్ ఆర్మ్‌లు అరిగి టిక్ టిక్ మనడం తెలిసిన జబ్బే, ఆ చప్పుడు ఉంటే ముందు అది బాగుచేయించాలి. రేడియేటర్, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ సరిగా ఉండాలి, ఎందుకంటే నడక వేగంలో వాటికి ఎదురుగాలి తగలదు. వాగులు దాటేవారు బెల్టు మీద నీళ్లు, బురద పడితే జారుతుందని గుర్తుంచుకోవాలి.

చట్టం సంగతి. కాలిఫోర్నియాలో అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు కిట్టుకు లేకపోతే బండి స్మాగ్ చెక్ దాటదు. వేరే రాష్ట్రంలో ఉన్నా ఆ నంబరున్న కిట్టే కొనడం మంచిది. రేపు బండి అమ్ముకోవాలన్నా అది అడ్డంకి కాదు. వారంటీ మిగిలి ఉన్న బండి అయితే 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ మొత్తం కొట్టేయకూడదు. కానీ ఆ భాగం వల్లే ఇంజన్ చెడితే ఖర్చు మీదే.

మన ఊళ్లో?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవారికి జవాబు పొట్టిది. కొత్త థార్‌లో పెట్రోలుకైనా డీజిలుకైనా టర్బో ఉంది. ఇండియాలో అమ్మే కొత్త తరం రాంగ్లర్‌లోనూ 2.0 లీటర్ల టర్బో ఇంజనే. జిమ్నీలో టర్బో లేదు గానీ, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుంది. ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పు ఉన్న బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే. ఇక్కడ ఆ ఆలోచన మానుకోవడమే క్షేమం.

చివరికి ఏం చేయాలి?

టైర్లు పెంచినవారు ముందు గేర్లు మార్పించండి. ఆర్నెల్లు అలాగే నడపండి. చాలామందికి తృప్తి అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత కూడా ఎత్తైన కనుమల్లోనో, ఇసుకలోనో, ట్రెయిలర్‌తోనో ముల్లు 5,500 దాటి ఇంజన్ చాలడం లేదంటే సూపర్‌చార్జర్ పెట్టించండి, ఆ డబ్బు దండగ కాదు. రాళ్ల కోసమైతే మాత్రం వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి టైర్లు, యాక్సిల్ షాఫ్టులు, రికవరీ సామాను కొనుక్కోండి. మిగిలింది పెట్రోలుకు ఉంచుకుని, ఇంకో నాలుగు దారులు తిరిగి రండి.