పేరు పెట్టి పిలుద్దాం


ఊళ్లో ఇద్దరు రాములమ్మలు ఉంటే గుర్తు ఎలా చెబుతాం? ఒకామెను ‘కుంటి రాములమ్మ’ అంటాం. ఖమ్మం పక్క ఊళ్లలోనూ, భద్రాచలం గూడేల్లోనూ ఇలాంటి పిలుపులు వింటాం. గుడ్డోడు, మూగది, చెవిటోడు అనీ అంటాం. ‘తిట్టలేదు, గుర్తు కోసమే అన్నాం’ అంటాం. కానీ వినేవారికి అది తిట్టే.

కాలు ఎందుకు పోయింది? పాపం వల్ల కాదు. చాలామందికి పోలియో జబ్బు వల్ల పోయింది. పిల్లలకు చుక్కలు వేయించాం. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశమని ప్రకటించారు. జబ్బు పోయింది. మాట పోలేదు.

వెక్కిరింతకు భయపడి పిల్ల బడి మానుకుంటుంది. ఆడమనిషి పొదుపు సంఘానికి రాదు. చదువు పోతుంది. అప్పు అందదు. మాట చేసే నష్టం ఇంత!

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. చదువు, ఉద్యోగాల గురించి చెప్పింది. 2016లో కొత్త చట్టం వచ్చింది. వికలాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా కూడా.

మరి ఏమని పిలవాలి? ఇప్పుడు కొన్ని కాగితాల్లో ‘దివ్యాంగులు’ అని రాస్తున్నారు. పింఛను కోసం కొట్లాడిన సంఘం ‘వికలాంగుల హక్కుల పోరాట సమితి’ అని పేరు పెట్టుకుంది. మనిషిని పిలవడానికి మాత్రం పేరు చాలు. గుర్తు కావాలా? ఇంటిపేరు చెప్పండి. వాడ పేరు చెప్పండి.

మీ వాడలో అలాంటి పిలుపు ఎవరికి ఉంది? వారి అసలు పేరు కనుక్కోండి. ఇక్కడ రాయండి:
..............................
రేపటి నుంచి అలాగే పిలవండి.