వెక్కిరించబోయి.. వలలో పడిన ఆట
పేరడీ గేములకు ఆటగాళ్ల అభిప్రాయమే గీటురాయి

మంగంపేట: ముగ్గురాయికి ప్రసిద్ధి చెందిన ఓబులవారిపల్లె మండలం మంగంపేట గని ఇతివృత్తంగా ఒక వీడియో గేమ్ తయారైతే ఎలా ఉంటుంది? తెరను ఒకసారి నొక్కితే ఒక లారీ రాయి. వందసార్లు నొక్కితే ఒక బహుమతి. నొక్కించడం తప్ప మరేమీ లేని ఆటలను అపహాస్యం చేయడానికి ఇది చక్కని ఊహే. అయితే ఆ నవ్వు పడేది అటువంటి ఆటలపైనా, గనిలో చెమటోడ్చే కూలీపైనా? పేరడీ ఆటను రూపొందించేవారు మొదట తేల్చుకోవలసిన విషయమిదే.

ఆవును నొక్కడమే ఆట

అప్పట్లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఆచార్యుడిగా ఉన్న ఇయాన్ బోగోస్ట్ 2010లో ఫేస్‌బుక్‌లో 'కౌ క్లిక్కర్'ను ప్రవేశపెట్టారు. 2009లో వచ్చిన 'ఫార్మ్‌విల్' వంటి ఆటలు జనం సమయాన్ని, స్నేహాలను, సొమ్మును ఎలా వాడుకుంటున్నాయో ఎత్తిచూపడం ఆయన ఉద్దేశం. ఆరు గంటలకొకసారి ఆవు బొమ్మను నొక్కడమే ఇందులో పని. అంతసేపు ఆగలేనివారు డబ్బు చెల్లించి ముందే నొక్కవచ్చు. ఆ విసుగే ఆయన చేసిన విమర్శ.

ఫలితం మాత్రం తారుమారైంది. ఆటగాళ్ల సంఖ్య 50 వేలు దాటింది. వారి ఆసక్తిని గమనించిన బోగోస్ట్ కొత్త రకాల ఆవులను, బహుమతులను చేర్చుతూ పోయారు. లక్షసార్లు నొక్కినవారికి బంగారు గంట ప్రకటించారు. వెక్కిరింతగా మొదలైనది క్రమంగా తాను వెక్కిరించిన ఆటగానే మారింది. చివరకు 2011 సెప్టెంబరు 7న ఆయన ఆవులన్నింటినీ మాయం చేశారు. అప్పటికీ కొందరు ఖాళీ స్థలాన్ని నొక్కుతూనే ఉండడం గమనార్హం.

అభ్యంతరం విన్నవారు

అభిప్రాయాలను స్వీకరించి మేలు పొందిన ఉదంతమూ ఉంది. ఆటల్లో ఆటగాడికి నిజంగా స్వేచ్ఛ ఉందా అని హాస్యంగా ప్రశ్నించే 'ది స్టాన్లీ పేరబుల్' 2013లో పూర్తిస్థాయి ఆటగా విడుదలైంది. అందులోని కొన్ని చిత్రాలు జాతి వివక్షను తలపిస్తున్నాయని కొందరు అభ్యంతరం తెలిపారు. తయారీదారులు వాటిని మార్చారు. ఆటలోని వ్యంగ్యానికి దానివల్ల లోటు రాలేదు.

అడిగినవన్నీ చేర్చడం వేరు, గురి తప్పిన హాస్యాన్ని సరిచేయడం వేరు. మొదటిది ఆట ఉద్దేశాన్ని మింగేస్తుంది, రెండవది దానిని కాపాడుతుంది.

కేతిగాడి దారి

ఈ వివేకం మన తోలుబొమ్మలాటకు కొత్త కాదు. రామాయణ కథ నడుమ వచ్చే కేతిగాడు, బంగారక్క ఊరి ముచ్చట్లు కలిపి నవ్విస్తారు. ప్రేక్షకులు ఎదురుగానే ఉంటారు కనుక మాట పండిందో లేదో ఆ క్షణమే తెలిసిపోతుంది. వీడియో గేమ్ తయారుచేసేవారికి ఆ అవకాశం లేదు. అందుకే విడుదలకు ముందే కొందరిచేత ఆడించి, పక్కన కూర్చుని గమనించాలి.

వారిని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఎవరిని చూసి నవ్వారు? ఎక్కడ అర్థంకాక ఆగిపోయారు? ఎప్పుడు ఆట మానాలనిపించింది? ముగ్గురాయి ఆటనైతే గని కార్మికుల ఇళ్లలోనే ముందుగా ఆడించాలి. బరువైన ఆ రాయి పొడి చమురు బావుల తవ్వకానికి అవసరమని, దాని వెనుక ఎందరి కష్టమో ఉందని ఎరిగినవారు వారే. వారు మనసారా నవ్వగలిగితే ఆ పేరడీ గురి తప్పనట్లే.