గన్నవరం నుంచి విశాఖకు: ఎంత దూరం, ఎంత సమయం

గన్నవరం విమానాశ్రయానికీ విశాఖపట్నం విమానాశ్రయానికీ మధ్య గగనతల దూరం సుమారు 290 కిలోమీటర్లు. గగనతల దూరమంటే మహావృత్తం వెంబడి, అంటే గోళం ఉపరితలంపై రెండు స్థానాలను కలిపే అత్యల్ప మార్గం వెంబడి, అక్షాంశ రేఖాంశాల ఆధారంగా గణించే దూరం. వైమానికులు దీనిని 1,852 మీటర్లకు సమానమైన నాటికల్ మైళ్ళలో కొలుస్తారు కనుక వారి లెక్కలో ఇది సుమారు 157 మైళ్ళు. విజయవాడ–విశాఖ రైలు మార్గం మాత్రం 350 కిలోమీటర్లు. ఈ తేడా అంతా పట్టాల వంపుల వల్ల వచ్చింది కాదు. గన్నవరం విజయవాడకు దాదాపు 20 కిలోమీటర్ల దూరాన ఏలూరు వైపు, విశాఖ దారిలోనే ఉంది. విశాఖ విమానాశ్రయం కూడా ఎన్‌ఏడీ కూడలికీ గాజువాకకూ మధ్య, నగరానికి పడమటి పక్కనే ఉంది. అంటే రెండు విమానాశ్రయాలూ ఆ రెండు నగరాల నడిమి దారిలోకి జరిగి ఉండటం చేత గగనతల దూరం ఆ మేరకు తగ్గింది.

ప్రాంతీయ మార్గాల్లో విస్తారంగా వాడే ఏటీఆర్–72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఆ లెక్కన 290 కిలోమీటర్లకు 35 నిమిషాలు చాలు, 830 కిలోమీటర్ల వేగం గల జెట్ విమానానికి 21 నిమిషాలే చాలు. అయినా కాలపట్టికలో ఈ ప్రయాణానికి గంట అటూ ఇటుగా చూపుతారు. కాలపట్టిక చూపేది బ్లాక్ టైమ్, అనగా విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు గమ్యంలో తిరిగి నిలిచే వరకు పట్టే మొత్తం కాలం. రన్‌వే దాకా నేలపై సాగే నడక, పైకెక్కడం, దిగడం, వంతు కోసం వేచి ఉండటం అన్నీ అందులోవే. ఎదురుగాలికి అభిముఖంగా దిగడం నియమం కనుక గాలి దిశను బట్టి విమానం ఊరు దాటి వెళ్ళి చుట్టి రావలసి వస్తుంది. దారిలో గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినా ఏటీఆర్‌కు అదనంగా పట్టేది నాలుగు నిమిషాలే; కాబట్టి ఇంత చిన్న దూరంలో గాలి కన్నా, వేగం కన్నా, నేల మీద గడిచే సమయమే నిర్ణాయకం.

ప్రయాణికుని కాలం దీనికన్నా ఎక్కువ. గన్నవరం చేరడానికి ముప్పావుగంట, కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కనుక గంటన్నర ముందస్తు సమయం, గంట ప్రయాణం, సామాను తీసుకుని విశాఖలో ఇల్లు చేరడానికి మరో గంట: మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. విజయవాడ స్టేషన్ నుంచి వందేభారత్ రైలు విశాఖ చేరడానికి పట్టేదీ సుమారు నాలుగు గంటలే. విశాఖ కోసం భోగాపురం వద్ద తలపెట్టిన కొత్త విమానాశ్రయం నగరానికి ఈశాన్యంగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి గన్నవరం నుంచి గగనతల దూరం సుమారు 330 కిలోమీటర్లు కాబట్టి ఆకాశంలో పెరిగేది ఐదు నిమిషాలే అయినా, విశాఖ దాటి వెళ్ళి దిగిన ప్రయాణికుడు ఆ 45 కిలోమీటర్లూ రోడ్డు మీద వెనక్కి రావలసి ఉంటుంది.